పచ్చబొట్టు: చోటు, చర్మం, అర్థం

రాయ్‌పూర్ నగరంలోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వే వ్యాగన్ల మరమ్మతు కర్మాగారాన్ని ఆనుకొని ఏర్పడిన నివాస ప్రాంతం. దాని పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలు ఆ కర్మాగారానివే. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్‌కు వేసిన రైలుమార్గం 1931లో పూర్తయింది. నాటి నుంచి ఉత్తరాంధ్ర జిల్లాలకు, ఛత్తీస్‌గఢ్ మైదానానికి నడుమ రాకపోకలు సులభమయ్యాయి. రైల్వే కొలువులను ఆశ్రయించి వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో స్థిరపడ్డాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ వారి నిత్యజీవితంలో కలగలిసిపోయాయి. దసరానాడు కాలనీ మైదానంలో జరిగే రావణ దహనం నగరమంతటికీ పెద్ద వేడుక.

ఇటువంటి చోట రెండు సంప్రదాయాలు ఎదురుబొదురుగా నిలుస్తాయి. ఒకటి ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన పాత తరం స్త్రీల ముంజేతుల మీద, కొందరి నుదుట, చుబుకాన కనిపించే పచ్చబొట్టు. రెండవది ఛత్తీస్‌గఢ్ గ్రామసీమల నుంచి నగరానికి వచ్చే స్త్రీల కాళ్ల మీద, చేతుల మీద, మెడ కింద కనిపించే గోద్నా. పని ఒకటే అయినా ఈ రెండు మాటల చూపు వేరు. ‘గోద్నా’ అంటే పొడవడం. ఆ మాట క్రియను, అందులోని నొప్పిని చెబుతుంది. ‘పచ్చబొట్టు’ అనే తెలుగు మాట నొప్పిని పక్కన పెట్టి, మిగిలిన రంగును, రూపాన్ని చెబుతుంది. సూది దిగిన క్షణం ఒకదానిలో ఉంటే, గాయం మానిన తర్వాతి శోభ మరొకదానిలో ఉంది. ఈ కళను గురించి ఆలోచించేవారు ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

జానపద కళల అధ్యయనంలో పచ్చబొట్టుకు చోటు లేకపోలేదు. తేలు, నెమలి, తులసికోట, సీతమ్మ వంటిల్లు, చుక్కల వరుస మొదలైన ఆకృతులను సేకరించి కాగితం మీద గీసి వర్గీకరించిన కృషి చాలా ఉంది. అయితే ఆ పట్టికల్లో ఒక లోపం తరచుగా కనబడుతుంది. ఆకృతి ఏదో అవి చెబుతాయి, అది ఒంటి మీద ఎక్కడ ఉన్నదో చెప్పవు. మోకాలి కింద పొడిచిన తేలు, భుజం మీద పొడిచిన తేలు కాగితం మీదికి వచ్చేసరికి ఒకే తేలు అవుతాయి. పచ్చబొట్టు విషయంలో ఇది చిన్న లోపం కాదు. ఈ కళలో సగం అర్థం చోటులోనే ఉంటుంది. సూదికి లొంగని చోట్లు, దుస్తులతో దాచుకోలేని చోట్లు కొన్ని ఉన్నాయి. సమాజాలు తమ గంభీరమైన మాటను తరచుగా అక్కడే రాసుకొన్నాయి. ఆ చోట్లను చదవడం నేర్చుకొంటే తప్ప ఈ కళను గురించిన విమర్శ పూర్తి కాదు.

మొదట చర్మం సంగతి. పచ్చబొట్టు నిలవాలంటే రంగు బాహ్యచర్మాన్ని దాటి అంతశ్చర్మంలోకి చేరాలి. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోతూ ఉంటుంది గనుక అక్కడ ఆగిన రంగు కొద్ది వారాల్లో పోతుంది. మరీ లోతుకు దిగితే రంగు చెదిరి గీత అలుక్కుపోతుంది. సుమారు ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల లోతులో ఉన్న ఆ సన్నని పొరను కంటితో చూడకుండా, చేతి స్పర్శతోనే కనుక్కోవడం పచ్చబొట్టు పొడిచేవారి విద్యలో ప్రధానమైన అంశం. అక్కడ చేరిన మసి రేణువులను రక్షక కణాలు మింగుతాయి. ఆ కణాలు నశించినప్పుడు విడుదలైన రేణువులను కొత్త కణాలు తిరిగి పట్టుకొంటాయని 2018లో ఫ్రాన్సులో ఎలుకలపై జరిపిన పరిశోధన వెల్లడించింది. లోకం చెరగనిదని చెప్పుకొనే గుర్తు ఈ విధంగా ఒక కణం చేతి నుంచి మరొక కణం చేతికి మారుతూ నిలుస్తున్నది. రంగు విషయం కూడా ఆసక్తికరమైనదే. పొడిచేది నల్లని మసి. చర్మం పొరల గుండా చూసినప్పుడు కాంతి చెదిరి అది నీలంగా, పచ్చగా కనిపిస్తుంది. పచ్చబొట్టులోని పచ్చదనం మసిది కాదు, చర్మానిది.

శరీరమంతటా చర్మం ఒకే తీరున ఉండదు. ముంజేయి, పిక్క, భుజం సూదికి అనువైన చోట్లు. అక్కడ కండ దన్నుగా ఉంటుంది, చర్మాన్ని బొటనవేలితో లాగిపట్టవచ్చు. కనురెప్ప మీద చర్మం మొత్తం మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాని వెనుకనే కనుగుడ్డు. పక్కటెముకల మీద కండ తక్కువ, ఎముకకు తగిలిన ప్రతి పోటూ గుండెలో మోగినట్లుంటుంది. పైగా ఊపిరితో ఆ చోటు ఆగకుండా కదులుతుంది. గొంతు మీద మింగుడుతో కదలిక. మోచేతి మీద చర్మం వదులుగా ముడతలు పడి ఉంటుంది. మోకాలి వెనుక గుంటలో పలుచనై మడతపడుతుంది. అరచేయి, అరికాలు మందమైన చర్మంతో రంగును పట్టుకోవు, రాపిడికి త్వరగా వదిలేస్తాయి. వేళ్ల పక్కల గీతలు ఏడాది తిరగకుండానే తెగిపోతాయి. రొమ్ము మీద, భుజాల మీద, చెవి తమ్మె మీద కొందరికి మచ్చ ఉబ్బెత్తుగా పెరిగి కీలాయిడ్ అవుతుంది. నల్లని చాయ గలవారిలో ఈ ప్రమాదం ఎక్కువ. పొత్తికడుపు మీద గీసిన బొమ్మ గర్భంతో సాగి ప్రసవానంతరం మరొక బొమ్మగా మిగులుతుంది.

ఈ కష్టాలన్నీ పాత పచ్చబొట్టు వ్యాకరణంలో కనిపిస్తాయి. తెలుగునాట ఎరుకల స్త్రీలు, ఛత్తీస్‌గఢ్‌లో దేవార్ స్త్రీలు ఈ విద్యను వృత్తిగా కాపాడుకొన్నారు. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో మొదటివారి ప్రస్తావన ఉంది. రసెల్, హీరాలాల్ 1916లో ప్రకటించిన మధ్యపరగణాల కులాలు, తెగల గ్రంథంలో రెండవవారి వివరాలు ఉన్నాయి. వీరి చేతిలోని సాధనం నాలుగైదు సూదులు కలిపిన కట్ట. రంగు దీపపు మసి, దానిని కలపడానికి ఆకు పసరు వంటి ద్రవం. ఈ పరికరంతో చక్కగా వచ్చేవి చుక్క, పొట్టి గీత, చుక్కల వరుస. మడతపడే చోట పొడవైన గీత నిలవదు, చుక్కలు నిలుస్తాయి. పిక్క మీద నిలువుగా బారులు తీరిన గీతలు మోకాలి దగ్గరికి వచ్చేసరికి చుక్కలుగా విడిపోవడం, మణికట్టు దగ్గర కంకణంలా చుట్టుకోవడం అలంకార కల్పన మాత్రమే కాదు. శరీరం పెట్టిన షరతుకు కళ ఇచ్చిన సమాధానం అది. ఛందస్సు కవిని బంధించినట్లే చర్మం ఈ కళాకారిణిని బంధించింది. ఆ బంధనంలోంచే శైలి పుట్టింది.

మైకల్ కొండల్లోని బైగా స్త్రీలలో ఈ శైలి దాదాపు శరీరమంతా పరచుకొన్నది. వెరియర్ ఎల్విన్ 1939లో ప్రకటించిన ‘ది బైగా’ గ్రంథంలో దీని వర్ణన ఉంది. బాల్యంలో నుదుటి గుర్తుతో మొదలై, వయసు పెరిగే కొద్దీ వీపు, చేతులు, తొడలు, రొమ్ము వరకు గోద్నా విస్తరిస్తుంది. ఇక్కడ చోటుతో పాటు క్రమం కూడా అర్థవంతమే. ఏ భాగం ఎప్పుడు పొడిపించుకొన్నారో తెలిస్తే స్త్రీ జీవితంలోని దశలను ఆ ఒంటి మీదనే చదవవచ్చు. మరణించిన తర్వాత ఒంటి మీది నగలన్నీ తీసివేసినా గోద్నా మాత్రం వెంట వస్తుందనే నమ్మకం మధ్యభారతంలో చాలా సమాజాలలో ఉంది. కీళ్ల నొప్పులను అది పోగొడుతుందని చెప్పేవారూ ఉన్నారు. ఆల్ప్స్ పర్వతాల మంచులో 1991లో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి ఓట్జీ మానవుని దేహం మీద 61 గుర్తులను లెక్కించారు. అవి ఎక్కువగా నడుము కింది భాగంలోను, మోకాళ్లు, చీలమండల వంటి కీళ్ల దగ్గర ఉండడంతో అవి చికిత్స కోసం వేసినవి కావచ్చునని పండితులు ఊహించారు. అక్కడ కూడా అర్థానికి ఆధారం ఆకృతి కాలేదు, చోటే అయింది.

ఈ విషయం మరింత స్పష్టంగా తెలియాలంటే రాయ్‌పూర్‌కు ఈశాన్యంగా మహానది తీరాన ఉన్న రామనామీ సమాజాన్ని చూడాలి. నాటి బిలాస్‌పూర్ జిల్లాలోని చార్‌పారా గ్రామానికి చెందిన పరశురామ్ పంతొమ్మిదవ శతాబ్దం చివరి దశకంలో ఈ సంప్రదాయానికి ఆద్యుడైనాడు. అస్పృశ్యులుగా పరిగణింపబడి ఆలయ ప్రవేశానికి నోచుకోని జనం రామనామాన్ని తమ ఒంటి మీదనే పొడిపించుకొన్నారు. నుదుట మాత్రమే ధరించినవారు కొందరు, ఆపాదమస్తకం ధరించి ‘నఖశిఖ’ రామనామీలుగా పేరొందినవారు కొందరు. వీరు భజించే రాముడు దశరథ తనయుడి కథకు పరిమితమైనవాడు కాదు, గుణాలకు అతీతమైన పరమాత్మ. రామ్‌దాస్ లాంబ్ 2002లో ప్రకటించిన గ్రంథం ఈ సమాజాన్ని గురించిన విస్తృతమైన అధ్యయనం. డబ్ల్యూఆర్ఎస్ కాలనీ మైదానంలో రాముని విజయం మంటలతో, బాణసంచాతో బహిరంగంగా వెలుగుతుంది. మహానది తీరంలో అదే పేరు మౌనంగా కనురెప్పల మీద నిలిచి ఉంది.

కళా దృష్టితో చూస్తే రామనామీల పద్ధతిలో అసాధారణమైన ఔచిత్యం ఉంది. బొమ్మకు ఒక కేంద్రం, అంచులు ఉంటాయి. దానిని చెంప మీద, ముక్కు పక్కన, చెవి వెనుక ఇమిడ్చితే అంగాల వంపులు దానిని విరిచేస్తాయి. రామనామం నాగరిలో రెండే అక్షరాలు. అది ఎంత చిన్న చోటులోనైనా పూర్తిగా ఇమిడిపోతుంది. పెద్ద చోటు దొరికితే మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడ ఆగినా అసంపూర్ణం కాదు. అంటే కూర్పు పరంగా ఈ రచనకు శరీరంలో కష్టమైన చోటంటూ లేదు. నొప్పి పరంగా మాత్రం అన్నీ కష్టమైన చోట్లే. జపంలో పునరుక్తి దోషం కానట్లే ఇక్కడా అది దోషం కాదు. కాలం గడిచిన కొద్దీ సన్నని చోట్ల మసి అలుక్కొని అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. వృద్ధుల కనురెప్పల మీద అక్షరం నీలినీడగా మాత్రమే మిగులుతుంది. అక్కడ ఏముందో చుట్టూ ఉన్న నామాలను బట్టి చూపరికి తెలిసిపోతుంది.

తెలుగు పాఠకునికి ఇక్కడ సహజంగానే శ్రీవైష్ణవ సంప్రదాయంలోని సమాశ్రయణం స్ఫురిస్తుంది. గురువు శంఖచక్ర ముద్రలను కాల్చి శిష్యుని రెండు భుజాల మీద వేస్తాడు. అది కూడా నొప్పిని భరించి భగవంతుని గుర్తును చర్మం మీద ధరించడమే. అయితే చోటును శాస్త్రం నిర్ణయించింది. ఆ చోటు ఉత్తరీయం కిందనో చొక్కా కిందనో ఉండిపోతుంది. ఆలయంలోకి వెళ్లగలిగినవాడు తన గుర్తును లోకానికి చూపవలసిన అవసరం లేదు. గుడి వాకిట నిలబెట్టినవాడు దానిని ముఖం మీదనే ధరించాడు. భక్తి రెండింటిలోనూ ఉంది. ఒకటి దీక్షగాను, మరొకటి దీక్షతో పాటు ధిక్కారంగాను రూపొందడానికి కారణం భుజానికి, నుదుటికి నడుమ ఉన్న ఆ జానెడు దూరమే.

నుదుటికి మరొక చరిత్ర కూడా ఉంది. ఈస్టిండియా కంపెనీ పాలనలో 1797 నాటి బెంగాల్ నిబంధన ప్రకారం యావజ్జీవ శిక్ష పడినవారి నుదుట వారి నేరం వివరాలను పొడిచేవారు. తర్వాత మద్రాసు ఏలుబడిలోనూ ఈ శిక్ష అమలైంది. దానికీ గోద్నా అనే పేరు. ఈ పద్ధతిని 1849లో రద్దు చేశారు. శిక్ష అనుభవించినవారు ఆ అక్షరాలను తలపాగా కిందనో జుట్టు కిందనో దాచుకొనేవారని చరిత్రకారిణి క్లేర్ ఆండర్సన్ తన పరిశోధనలో వివరించారు. ఆ శిక్ష రద్దయిన అర్ధశతాబ్ది లోపలే రామనామీలు స్వయంగా నుదుటిని సూదికి అప్పగించారు. ఒకదానికి మరొకటి కారణమని చెప్పడానికి ఆధారం లేదు. సాధనం, చోటు, రంగు అన్నీ ఒకటే అయి, రాయించుకొన్న మనిషి ఇష్టం ఒక్కటే మారినప్పుడు కళంకం కిరీటం కావడం మాత్రం రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు అర్థమవుతుంది.

శరీరాన్ని గురించి మనిషికి ఉండే అభిమానం, సంకోచం ఇక్కడే ప్రవేశిస్తాయి. ముఖం మీది పచ్చబొట్లను గురించి దేశంలో చాలా చోట్ల ఒకే కథ వినిపిస్తుంది. శత్రువులు, దొరలు ఎత్తుకుపోకుండా స్త్రీలను అందవికారంగా చేయడానికే వాటిని పొడిచేవారని ఆ కథ. అరుణాచల్ ప్రదేశ్‌లోని అపతానీ స్త్రీల గురించి, ఒడిశాలోని కంధ స్త్రీల గురించి ఇదే చెబుతారు. ఈ కథను జాగ్రత్తగా పరిశీలించాలి. అది ముఖం మీది గుర్తును వికారమని ముందే నిర్ణయించుకొన్న కంటితో చెప్పినది. ఆ సమాజాల లోపల అదే గుర్తు పెళ్లికి యోగ్యత, అందం, పెద్దరికం అయిన సందర్భాలతో ఆ కథకు పొంతన కుదరదు. చూసేవాడి అభిరుచి చూడబడేవారి చరిత్రగా మారిపోవడం విమర్శకు పాతదైన ప్రమాదమే.

అయినా ఆ కన్నుకు బలం తక్కువేమీ కాదు. అపతానీ యువజనులు 1970ల దశకంలో ఈ ఆచారానికి స్వస్తి చెప్పారు. చదువుకు, కొలువులకు బయటి ఊళ్లకు వెళ్లినవారికి ఎదురైన చిన్నచూపు అందుకు ఒక కారణం. రామనామీ యువతరంలో కూడా ఒళ్లంతా పొడిపించుకొనేవారు అరుదైపోయారు. డబ్ల్యూఆర్ఎస్ వంటి కాలనీల్లో పాత తరం చుబుకపు చుక్క మనవరాళ్లకు పల్లెటూరి గుర్తుగా తోచడం అసహజం కాదు. లేజరు కిరణాలతో నల్లని మసిని విడగొట్టి తొలగించే చికిత్స నగరాల్లో లభిస్తున్నది. అది ఒక్క విడతతో పూర్తయ్యేది కాదు. నల్లని చాయ గలవారిలో చర్మం సహజ వర్ణం కూడా పోయి తెల్లని మచ్చ మిగిలే ప్రమాదం ఉంది. చెరిపిన చోటు కూడా ఒక గుర్తు అయి కూర్చుంటుంది.

ఈ నిర్ణయాలను సంప్రదాయ ద్రోహమని నిందించడం తేలిక. అది న్యాయం కాదు. ఎనిమిదేళ్ల బాలికను పట్టి కూర్చోబెట్టి నుదుట సూది దించినప్పుడు ఆమె సమ్మతిని ఎవరూ అడగలేదు. ఒకే సూదుల కట్టను పలువురికి వాడితే కామెర్ల వంటి వ్యాధులు రక్తం ద్వారా సోకుతాయి. ఇక రామనామీల విషయంలో, రాజ్యాంగంలోని 17వ అధికరణం 1950లో అస్పృశ్యతను నిషేధించింది. 1955లో దానిని శిక్షార్హం చేస్తూ చట్టం వచ్చింది. ఏ అవమానానికి సమాధానంగా ముఖం మీద పేరు రాసుకొన్నారో ఆ అవమానం చట్టం దృష్టిలో నేరమైంది. ఊళ్లో అది ఎంతవరకు తొలగిందన్నది వేరే ప్రశ్న. తాతల బాధను మనవలు తిరిగి అనుభవించి నిరూపించుకోవాలని కోరే హక్కు కళాభిమానులకు లేదు. రామనామీలు చర్మం మీద లేని నామాన్ని వస్త్రం మీద నిలుపుకొన్నారు. నామాక్షరాలతో నిండిన తెల్లని ఉత్తరీయం, నెమలి ఈకల కిరీటం, కాలి గజ్జెలు వారి భజనల్లో నేటికీ ప్రధానమైనవి.

చర్మం నుంచి వస్త్రానికి జరిగిన ఈ ప్రయాణం వారికే పరిమితం కాలేదు. సర్గుజా జిల్లాలోని జమ్‌గలా గ్రామ స్త్రీలు గోద్నా ఆకృతులను చీరల మీద, దుప్పట్ల మీద చిత్రిస్తున్నారు. బీహార్‌లోని మిథిలలో దళిత స్త్రీలు గోద్నాను కాగితం మీదికి తెచ్చి ఒక ప్రత్యేక చిత్రశైలిగా నిలబెట్టారు. ఆ శైలికి చెందిన శాంతిదేవి పాస్వాన్, శివన్ పాస్వాన్ దంపతులకు 2024లో పద్మశ్రీ లభించింది. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి సూది పట్టిన చేతులకు ఈ మార్పు గౌరవాన్ని, జీవనోపాధిని ఇచ్చింది. ఇది సంతోషించదగిన విషయం. అయినా విమర్శకులు మరొక మాట చెప్పక తప్పదు. బట్టకు మోచేయి లేదు, పక్కటెముక లేదు, కనురెప్ప లేదు. అది ఊపిరి పీల్చదు. దాని మీద ఏ చోటైనా మరొక చోటు వంటిదే. అందువల్ల ఆకృతులు తమను పుట్టించిన నిర్బంధం నుంచి విడుదలై, సమానమైన దూరాలతో, సరళరేఖలతో బారులు తీరుతాయి. అవి అందంగానే ఉంటాయి. చోటు చెప్పే అర్థం మాత్రం వాటిలో ఉండదు. వీటిని గోద్నా పుత్రికలుగా ఆదరించవచ్చు గాని, గోద్నాకు బదులుగా స్వీకరించరాదు.

నగరాల్లోని నేటి పచ్చబొట్టు దుకాణాల సంగతి దీనికి భిన్నం. శామ్యూల్ ఓరైలీ 1891లో న్యూయార్క్‌లో పేటెంటు పొందిన విద్యుత్ యంత్రపు సంతతి సాధనాలతో అక్కడ పని జరుగుతుంది. వేగం, లోతు అదుపులో ఉంటాయి గనుక పొడవైన గీత, నీడ, ముఖచిత్రం అన్నీ సాధ్యమయ్యాయి. ఇక్కడ మళ్లీ చోటు ప్రశ్న తలెత్తుతుంది. యువతీ యువకులు పక్కటెముకలు, మెడ, చెవి వెనుక, వేలి పక్క వంటి చోట్లను కోరి ఎంచుకొంటున్నారు. కొందరికి అది నొప్పిని ఓర్చిన గర్వం. కొందరికి తమ శరీరంలో తాము ఇష్టపడని భాగంతో రాజీ. కాలిన మచ్చ మీద, శస్త్రచికిత్స గీత మీద, కాన్సరు వల్ల రొమ్ము తొలగించిన చోట పచ్చబొట్టు వేయించుకొనే స్త్రీలు ప్రపంచమంతటా ఉన్నారు. బొల్లి మచ్చలకు వైద్యులే చర్మపు రంగును సూదితో ఎక్కించే పద్ధతి మన దేశంలోనూ ఉంది. పెదవుల మీద అది బాగా కుదురుతుంది, వేళ్ల కొసలు మాత్రం మొండికేస్తాయి. అలంకారం కోసం కాక, నలుగురిలో ఎవరి కంటా పడకుండా ఉండడం కోసం పొడిపించుకొనే పచ్చబొట్టు అది. నుదుట నామాన్ని ధరించినవారి కోరికకు ఇది పూర్తిగా వ్యతిరేకమైనా, రెండింటి వెనుకా ఉన్నది ఒకే ప్రశ్న: ఈ శరీరాన్ని లోకం ఎలా చదవాలో నిర్ణయించే హక్కు ఎవరిది?

ఈ ప్రశ్న ప్రభుత్వాలకూ సంబంధించినదే. భారత సైన్యపు నియామక నిబంధనలు ముంజేతి లోపలి వైపున, చేతి వెనుక భాగంలో మాత్రమే శాశ్వతమైన పచ్చబొట్లను సమ్మతించాయి. ఆచారాన్ని అనుసరించి ముఖం మీద, శరీరం మీద గుర్తులున్న గిరిజన అభ్యర్థులకు మినహాయింపు ఇచ్చాయి. నిబంధన ఆకృతితో పాటు చోటును కూడా పరిగణించింది. ఆచారాన్ని గుర్తించింది. కళాపట్టికలు విస్మరించిన చోటును ఒక నియామక పత్రం గమనించడం విశేషమే. న్యూజీలాండ్‌లో 2020లో విదేశాంగ మంత్రి పదవిని చేపట్టిన ననాయా మహుతా చుబుకం మీద మావోరీ స్త్రీల సంప్రదాయ చిహ్నమైన మోకో కౌయే ఉంది. ఆ గుర్తుతోనే ఆమె ప్రపంచ వేదికల మీద తన దేశానికి ప్రాతినిధ్యం వహించారు. ఒక దేశపు రాజ్యాధికారం ఆ చుబుకాన్ని దాచమని కోరలేదు. ఉత్తరాంధ్ర పల్లెలో, రాయ్‌పూర్ కాలనీలో అదే చోట చుక్క ఉన్న స్త్రీని చూసే కన్ను ఇంకా అంత దూరం రాలేదు.

ఇక మిగిలిన కర్తవ్యం భద్రపరచడం. రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక సంగ్రహాలయం 1875లో స్థాపితమైన ప్రాచీన సంస్థ. అటువంటి సంగ్రహాలయాలలో కడియాన్ని, కంటెను ఒంటి నుంచి వేరు చేసి అద్దాల బీరువాలో ప్రదర్శించవచ్చు. వాటిని ధరించినవారు లేకపోయినా అవి ఉంటాయి. పచ్చబొట్టు ధరించినవారితోనే వెళ్లిపోతుంది. వస్తువుగా దాచడానికి వీలులేని ఈ కళను వివరంగా నమోదు చేయడమే మార్గం. ఆ నమోదులో ఆకృతి పేరు ఒక్కటే ఉంటే చాలదు. ఒంటి మీద చోటు, పొడిపించుకొన్న వయసు, ఏ భాగం తర్వాత ఏ భాగం, పొడిచిన వృత్తి వారి వివరం, ధరించినవారి ఇష్టాయిష్టాలు కూడా చేరాలి. ఫోటో తీయడానికి వారి అనుమతి కోరడం, ముఖం చూపడానికి ఇష్టపడనివారి మాటను మన్నించడం ఈ పనిలో మొదటి నియమం కావాలి. ఒకప్పుడు అడగకుండానే సూది దించిన తప్పును ఇప్పుడు కెమెరాతో పునరావృతం చేయరాదు.

తెలుగు, ఛత్తీస్‌గఢీ రెండూ వినిపించే డబ్ల్యూఆర్ఎస్ వంటి కాలనీలు ఈ పనికి అనువైనవి. పచ్చబొట్టును, గోద్నాను ఒకే వీధిలో పోల్చి చూసే అవకాశం పరిశోధకునికి ఇటువంటి చోట దొరుకుతుంది. ముంజేతి మీది చుక్కల వరుస సింహాచలం వైపు ఊళ్లదో, మహానది ఒడ్డుదో ధరించిన వృద్ధురాలే చెప్పగలదు. చుబుకం మీది ఆ ఒక్క చుక్కను ఎవరు పొడిచారో, ఎంత నొప్పి పుట్టిందో, ఇప్పుడు అద్దంలో దానిని చూసుకొన్నప్పుడు ఏమనిపిస్తుందో ఆమెను అడగవలసిన సమయం ఇదే. చెప్పగలవారి సంఖ్య ఏటేటా తగ్గుతున్నది.